ఉలియు కాగితమును

మొన్న వేసవిలో మా పొరుగింటి యిల్లాలు మాయొద్దకు వచ్చి, పదవ తరగతి ముగించిన తన కుమారుని గూర్చి సందేహమడిగినది. బాలునకు బొమ్మలు గీయుటయందు, మట్టితో గుళ్లు కట్టుటయందు మిక్కిలి యాసక్తి. తిరుపతిలోనే శిల్పవిద్యకు పంపవలెనా, ఇంటర్మీడియట్టు చదివించి ఆర్కిటెక్చరు పట్టమునకు పంపవలెనా యని యామె చింత. "అక్కా, ఉలి పట్టిన చేతికి కూడు దొరుకునా?" అనగా మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1960లో నెలకొల్పిన సంప్రదాయ ఆలయ శిల్ప శిక్షణ సంస్థ మన యూరిలోనే యున్నది. ఆలయ నిర్మాణము, శిలాశిల్పము, సుధాశిల్పము, లోహశిల్పము, కొయ్యశిల్పము, సంప్రదాయ వర్ణచిత్రము — ఇవి నాలుగేండ్ల డిప్లొమాలు; కలంకారి రెండేండ్ల చదువు. చేరిన ప్రతి విద్యార్థి పేర దేవస్థానము లక్ష రూపాయలు బ్యాంకులో నుంచి, చదువు ముగిసిన పిమ్మట వడ్డీతో నిచ్చును. పనిముట్లు కొని సొంతముగా నిలువదలచిన బీదపిల్లలకు ఇది చిన్న సాయము కాదు.

అయినను తల్లులు ముందుగా తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము ప్రకారము, గుర్తింపుగల పట్టము పొంది కౌన్సిలులో పేరు నమోదైనవారే తమ పేరునకు 'ఆర్కిటెక్టు' అను మాట చేర్చుకొనవచ్చును. దాని చదువు అయిదేండ్లు. విజయవాడలో 2008లో కేంద్రప్రభుత్వమువారు అందుకొక విద్యాలయమును స్థాపించిరి. విమానము నిలుపగల స్థపతి తన గుమ్మముపై ఆ మాట వ్రాసికొనరాదు! గృహాలంకరణ చేయువారికి మాత్రము ఈ చట్టపు కట్టుబాటు లేదు.

మయమతమున స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి యని నలుగురు చెప్పబడిరి. కొలుచువాడు, చెక్కువాడు, కూర్చువాడు — అందరిపని నెఱిగినవాడే స్థపతి. సూత్రగ్రాహి ఆతని కొడుకో శిష్యుడో యగుటచే, పనియొద్దనే విద్య యబ్బెడిది. నేడు గీయుట యొకచోట, చెక్కుట మఱియొకచోట నేర్పుచున్నారు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి గాలిగోపురము 2010 మే 26న కూలినప్పుడు మనమందఱము కంటనీరు పెట్టితిమి. దాని స్థానమున క్రొత్తగోపురము లేచి 2017లో కుంభాభిషేకము జరిగినది. అట్టి పనికి పునాది లెక్క తెలిసిన బుద్ధియు కావలెను, సుధాశిల్పి చేయియు కావలెను.

ఇండ్ల సంగతియు నంతే. మా బంధువుల యింట నొక పట్టభద్రుడు వంటగది దిద్దెను, చూచుటకు చిత్రము! పప్పుడబ్బా లుంచు అలమర మాత్రము పీట యెక్కినగాని యందదు. వంటచేయు స్త్రీని ఒక్కమాట యడిగియుండిన నీ పాటు తప్పెడిది. ఏ గురువైనను శిష్యుని నెలదినములు వంటింట కూర్చుండబెట్టుట మేలని మాకు తోచును.

తుదకు పొరుగామెతో మేమిట్లంటిమి: "ఏ చదువైనను నిర్ణయించుటకు ముందు పిల్లవానికి కొలత పట్టీయు, నోటుపుస్తకమును ఇచ్చి చంద్రగిరి పంపుము. రాజమహలు మూడంతస్తులు, కలప వాడక రాయి, ఇటుక, సున్నముతోనే కట్టిరి. ఒక్క గది కొలిచి గీసికొని రమ్మనుము."

బాలుడు సాయంకాలమునకు వచ్చెను. కమానులు చక్కగా గీసెను, గోడల మందము మఱచెను. తల్లి పిలువకముందే, మరల ఆదివారము పోవుదునని పట్టీ చుట్టి దాచుకొనెను.