చిన్నారుల చేతికి త్రాసు

“ఒక కిలో ఎక్కువా, 900 గ్రాములు ఎక్కువా?” అని ఏడెనిమిదేళ్ల పిల్లలను అడిగి చూడండి. “తొమ్మిది వందలే ఎక్కువ” అని తడుముకోకుండా చెప్పేవారు చాలామందే ఉంటారు. వారి చూపు అంకె మీదనే నిలుస్తుంది. దాని పక్కనున్న కొలమానం మీదికి పోదు. కిలో అంటే 1000 గ్రాములని ఎన్నిసార్లు వల్లె వేయించినా ఈ పొరపాటు తొలగదు. బరువు ముందుగా చేతికి తెలియాలి, తర్వాత త్రాసులో కనిపించాలి. ఆ పిమ్మటే అంకెలుగా నోటుపుస్తకంలోకి రావాలి.

దీనికి వంటగదిని మించిన బడి లేదు. పిల్లవాని ఒక చేతిలో కిలో ఉప్పు ప్యాకెట్టు, మరొక చేతిలో పావుకిలో పప్పు పొట్లం ఉంచి, ఏది బరువో చెప్పమనండి. తర్వాత ఒక పెద్ద దూది దిండును, చిన్న రోకలిబండను ఇవ్వండి. పెద్దగా కనిపించేదల్లా బరువైనది కాదని ఆ చేతులే అతనికి చెబుతాయి.

ఇక త్రాసు. గట్టి హ్యాంగరు రెండు చివరలకు ఒకే రకమైన రెండు సంచులు కట్టి, మేకుకు వేలాడదీస్తే చాలు. వస్తువులు వేయకముందే రెండు వైపులా సమంగా ఉన్నాయో లేదో పిల్లలే చూడాలి. తూకంలో మొదటి పాఠం అదే. తూకపు రాళ్లు లేకపోతే పది రూపాయల నాణేలు పనికివస్తాయి. ఒక్కొక్కటి సుమారు 7.7 గ్రాములుంటుంది కనుక 13 నాణేలు దాదాపు 100 గ్రాములవుతాయి.

వాటితో బియ్యం తూచి, 100 గ్రాముల పొట్లాలు పది కట్టించండి. ఆ పదింటినీ ఒక సంచిలో, కిలో ఉప్పు ప్యాకెట్టును రెండవ సంచిలో ఉంచితే త్రాసు ఇంచుమించు సమంగా నిలుస్తుంది. ఇప్పుడు ఒక పొట్లం తీసివేయమనండి. మిగిలినవి 900 గ్రాములు. ఉప్పు ఉన్న వైపు కిందికి దిగుతుంది. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు పిల్లలకు కళ్లెదుటే దొరుకుతుంది.

ఆ తర్వాత అంకెలు. పావుకిలో 250, అరకిలో 500, ముప్పావుకిలో 750 గ్రాములు. రెండు బరువులను పోల్చేముందు రెండింటినీ గ్రాములలోకి మార్చుకోవడం అలవాటు చేయండి. 2 కిలోల 50 గ్రాములను 250 అని వ్రాసే పిల్లలున్నారు. రెండు కిలోలకు 2000, దానికి 50 కలిపితే 2050 అని విడదీసి చూపించాలి. అంగడికి వెంట తీసుకువెళ్లినప్పుడు ప్యాకెట్ల మీది నికర బరువును వారిచేతనే చదివించండి.

ఇది లెక్కల పాఠంతో ముగిసే విషయం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లో 83వ సూరాకు తూనికలలో మోసగించేవారి పేరే ఉంది. ప్రవక్త షుఐబ్ (అ) మద్‌యన్ ప్రజలను హెచ్చరించిన విషయాలలో కొలతలు, తూనికలు తగ్గించడం ఒకటి. “యాభై గ్రాములే కదా!” అని మనం తేలికగా అంటాము. కిలోకు 50 గ్రాముల చొప్పున తగ్గించి 20 మందికి అమ్మినవాడు ఒక నిండు కిలో అపహరించినట్లే. ఈ లెక్కను పిల్లలచేతనే వేయించండి.

ఈసారి ఇంటికి మిఠాయి తెచ్చినప్పుడు పంచే పనిని పెద్దపిల్లకు అప్పగించండి. తమ్ముని వంతు తూచిన తర్వాతనే తన వంతు తీసుకోమనండి. గ్రాము విలువ ఆమెకు అక్కడ అర్థమవుతుంది.