సరుకు ఉంది, సెర్చ్‌లో దొరకదు: ఎందుకు? (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈ ఎపిసోడ్‌లో సెర్చ్ గురించి మాట్లాడుకుందాం. యాప్ పైన భూతద్దం బొమ్మతో ఒక డబ్బా ఉంటుంది కదా, అదే. కాలేజీ ప్రాజెక్ట్ చేసేవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు దాని మీద అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుందాం.

ఉదాహరణకి ఒక చిన్న కిరాణా షాపు యాప్ అనుకోండి. 500 సరుకులు, తెలుగులో పేర్లు. ఒకావిడ "మైదా" అని టైప్ చేసింది. "ఫలితాలు లేవు" అని వచ్చింది. ఆవిడ సెర్చ్ పాడైందని అనుకోదు, షాపులో మైదా లేదనే అనుకుంటుంది. యాప్ మూసేసి పక్క షాపుకి వెళ్తుంది. అంటే మన ప్రోగ్రామ్ ఆవిడకి అబద్ధం చెప్పింది. ఎర్రర్ మెసేజ్ రాలేదు, యాప్ క్రాష్ కాలేదు, అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ అబద్ధాన్ని ఎలా ఆపాలన్న దాని గురించే.

ప్రశ్న 1: డేటాబేస్‌లో "లైక్" వాడి వెతికితే సరిపోదా?

500 సరుకులకి హాయిగా సరిపోతుంది. భయపడక్కర్లేదు. కానీ అది ఎలా పనిచేస్తుందో తెలియాలి.

నిఘంటువు చేతికిచ్చి "కంది"తో మొదలయ్యే మాటలు వెతకమంటే నిమిషంలో చెప్తారు. అదే "పప్పు"తో ముగిసే మాటలు వెతకమంటే? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాల్సిందే. డేటాబేస్ ఇండెక్స్‌ది కూడా ఇదే పరిస్థితి. వెతికే మాటకి ముందు శాతం గుర్తు పెట్టి "%పప్పు" అన్నారనుకోండి, మామూలు ఇండెక్స్ పనికిరాదు. ప్రతి వరుసా చదవాలి. వరుసలు లక్షల్లోకి వెళ్తే ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అప్పుడు కావాల్సింది ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్. పాఠ్యపుస్తకం చివర పదసూచి ఉంటుంది చూశారా? ఒక మాట, దాని పక్కన అది వచ్చే పేజీల నంబర్లు. అచ్చం అదే. ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5, పెద్ద సర్వర్లలో ఎలాస్టిక్‌సెర్చ్ చేసే పని ఇదే.

ఒక హెచ్చరిక. యూజర్ టైప్ చేసిన మాటని ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించకండి. ఎవరైనా ఆ డబ్బాలో మాటకి బదులు ఎస్‌క్యూఎల్ ఆదేశమే రాసి మీ డేటా లాగేయొచ్చు. ఎప్పుడూ పారామీటర్‌గానే పంపండి.

ప్రశ్న 2: డేటాలో మాట ఉంది, కళ్లకి కనిపిస్తోంది, అయినా సెర్చ్‌లో రావడం లేదు. ఎందుకు?

తెలుగు యాప్ చేసేవాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. మనం చూసేది అక్షరాన్ని, కంప్యూటర్ చూసేది నంబర్ల వరసని. తేడా అక్కడే వస్తుంది. ముఖ్యంగా నాలుగు చోట్ల.

ఒకటి, ఐత్వం. "మైదా"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయొచ్చు. ఐత్వానికి ఒకే గుర్తు వాడొచ్చు, లేదా ఎత్వం గుర్తు పెట్టి దాని కింద ఐత్వపు తోక విడిగా పెట్టొచ్చు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం అవి వేరే మాటలు. దీనికి మందు యూనికోడ్ నార్మలైజేషన్. "ఎన్ఎఫ్‌సీ" అనే పద్ధతి ఈ రెండింటినీ ఒకే రూపంలోకి తెస్తుంది. జావాస్క్రిప్ట్‌లో, పైథాన్‌లో ఒక్క లైన్ పని.

రెండు, కనిపించని అక్షరం. "సన్‌ఫ్లవర్" అని రాసేటప్పుడు "న్" కింద "ఫ" ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతాం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. కొందరు దాని బదులు స్పేస్ కొడతారు. ఒకే నూనె డబ్బాకి మూడు రాతలు అన్నమాట.

మూడు, శుభ్రం చేయబోయి అసలుకే ఎసరు పెట్టడం. పిచ్చి గుర్తులు తీసేద్దామని చాలామంది "బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ" కానివన్నీ తీసేయమని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తారు. జావాస్క్రిప్ట్‌లో దాని అర్థం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, అంతే. అంటే తెలుగు మాట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఖాళీ క్వెరీ మిగులుతుంది. పైథాన్ 3లో ఇంకో రకం చిక్కు. అక్కడ అచ్చులు, హల్లులు ఉంటాయి కానీ గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా ఎగిరిపోతాయి. తెలుగుకి అక్షరాలతో పాటు "మార్క్" అనే యూనికోడ్ వర్గాన్ని కూడా ఉంచాలి.

నాలుగోది ఎఫ్‌టీఎస్5లో దాక్కుని ఉంటుంది. అది మాటల్ని విడగొట్టడానికి మామూలుగా వాడే టోకెనైజర్ గుణింతపు గుర్తుల్ని మాటలో భాగంగా చూడదు. వాటిని స్పేస్‌లా చూస్తుంది. కాబట్టి "పాలు" అనే మాట దానికి "ప", "ల" అనే రెండు ముక్కలు. "పేలాలు" ఏమో "ప", "ల", "ల". "పులిహోర" ఏమో "ప", "ల", "హ", "ర". ఇప్పుడు అర్థమైందా? పాలు వెతికితే పేలాలు, పులిహోర పేస్ట్ కూడా వచ్చేస్తాయి! టేబుల్ తయారు చేసేటప్పుడు "కేటగిరీస్" అనే ఆప్షన్‌లో "ఎంఎన్", "ఎంసీ" అనే మార్క్ వర్గాల్ని కూడా చేరిస్తే ఇది సరిపోతుంది.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. జల్లెడ ఒక్కటే ఉండాలి. డేటాలో దాచే మాట, యూజర్ టైప్ చేసే మాట, రెండూ ఒకే ఫంక్షన్ గుండా వెళ్లాలి. నార్మలైజ్ చేయడం, కనిపించని గుర్తులు తీయడం, "పళ్లు", "పళ్ళు" లాంటి రెండు రాతల్ని ఒకటి చేయడం, అన్నీ ఆ ఒక్క ఫంక్షన్‌లోనే. ఒక వైపు మాత్రమే జల్లిస్తే ఉన్నది కూడా దొరకదు.

ఇంకో మాట. ఈ జల్లెడ పట్టిన రూపాన్ని వేరే కాలమ్‌లో పెట్టండి. స్క్రీన్ మీద చూపించడానికి అసలు పేరే ఉండాలి. లేకపోతే "సన్‌ఫ్లవర్" కాస్తా "సన్ఫ్లవర్" అయి కూర్చుంటుంది.

ప్రశ్న 3: ఒకే వస్తువుకి పది పేర్లుంటే ఏం చేయాలి?

బంగాళాదుంప, ఆలుగడ్డ. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ. సొరకాయ, ఆనపకాయ. టమాటా, టమోటా. ఒక ఊళ్లో ఒక పేరు, ఇంకో ఊళ్లో ఇంకోటి. ఇందులో తప్పు పేరంటూ ఏదీ లేదు. మీరు విజయవాడలో కూర్చుని "బంగాళాదుంప" అని ఒక్కటే ఎక్కిస్తే, కరీంనగర్‌లో "ఆలుగడ్డ" అని వెతికే మనిషికి మీ యాప్ "లేదు" అని చెప్తుంది.

దీనికి గొప్ప ఆల్గారిథమ్ ఏమీ అక్కర్లేదు. ప్రతి సరుకు పక్కన "ఇతర పేర్లు" అని ఒక కాలమ్ పెట్టండి. 500 సరుకులకి కూర్చుని రాస్తే ఒకటి రెండు రోజుల పని. ఇంట్లో అమ్మని, అమ్మమ్మని, షాపులో తూకం వేసే అన్నని అడగండి. మీకు తెలియని పేర్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. "గుడ్డు, గుడ్లు", "పండు, పండ్లు, పళ్ళు" లాంటి ఏకవచన బహువచనాలు కూడా ఇందులోనే వేసేయండి. "కందిపప్పు", "కంది పప్పు" అనే స్పేస్ గొడవకి మాత్రం జల్లెడ చాలు. స్పేసులు తీసేసిన రూపంతో కూడా ఒకసారి పోల్చి చూడండి.

మరి తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్ల సంగతి? మనలో చాలామంది అంతే కదా! "కంది" రాసేటప్పుడు "డి" తర్వాత కొందరు "హెచ్" పెడతారు, కొందరు పెట్టరు. "పప్పు"లో కొందరికి రెండు "పి"లు, కొందరికి ఒకటే. హల్లు తర్వాత వచ్చే "హెచ్" తీసేయడం, జంట అక్షరాల్ని ఒక్కటి చేయడం, ఈ రెండు నియమాలతోనే చాలా తేడాలు పోతాయి. ఇవీ రెండు వైపులా జల్లించాల్సిందే.

ప్రశ్న 4: మనుషుల పేర్లు వెతికేటప్పుడు?

ఇక్కడ పొరపాటు ఖరీదు ఇంకా ఎక్కువ. పరీక్ష ఫలితాల జాబితా, హాస్టల్ సీట్ల జాబితా, పింఛను జాబితా, ఏదైనా కావొచ్చు. "లక్ష్మి"ని ఇంగ్లిష్‌లో కొందరు "కె, ఎస్, హెచ్"తో రాస్తారు, కొందరు "ఎక్స్"తో. రాసిన గుమాస్తా ఒకలా, వెతికే మనిషి ఇంకోలా. పేరు లేదనుకుని ఆ మనిషి ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఇది కంప్యూటర్ల కంటే పాత సమస్య. పలుకుబడిని బట్టి పేర్లని గుంపులుగా చేసే సౌండెక్స్ పద్ధతికి అమెరికాలో రాబర్ట్ రసెల్ 1918లోనే పేటెంట్ తీసుకున్నారు. మొదటి అక్షరం అలాగే ఉంచి, మిగతా హల్లులకి అంకెలు ఇచ్చి, అచ్చులు వదిలేస్తుంది. లక్ష్మిని రెండు రకాలుగా రాసినా "ఎల్ 250" అనే వస్తుంది. శ్రీనివాస్‌ని "ఐ"తో రాసినా, రెండు "ఇ"లతో రాసినా "ఎస్ 651" వస్తుంది. భలే ఉంది కదా?

కానీ ఇది ఇంగ్లిష్ పలుకుబడికి కట్టిన పద్ధతి. కిరణ్, కరణ్, కరుణ, ముగ్గురికీ "కె 650" వస్తుంది. ఈశ్వర్‌ని ఒకరు "ఇ"తో, ఒకరు "ఐ"తో మొదలుపెడితే అసలు కలవదు, ఎందుకంటే మొదటి అక్షరం మారిపోయింది. కాబట్టి సౌండెక్స్ ఇచ్చిన జవాబుని "ఇదే మీరు" అని చూపించకండి. "వీటిలో మీ పేరు ఉందా?" అని అడగండి. ఖాయం చేసుకోవడానికి హాల్ టికెట్ నంబరో, పుట్టిన తేదీయో పెట్టండి.

ప్రశ్న 5: టైపింగ్ తప్పుల్ని ఎలా పట్టుకోవాలి?

ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని మార్పులు కావాలో లెక్కపెట్టడమే ఎడిట్ డిస్టెన్స్. వ్లదిమీర్ లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించిన కొలత అది. ఒక్క మార్పు దాకా క్షమిద్దాం అని చాలామంది నియమం పెట్టుకుంటారు.

తెలుగులో అది చాలదు. "పప్పు"కి బదులు "పపు" అని ఒత్తు మర్చిపోయారనుకోండి. మనకి అది ఒక్క తప్పు. కంప్యూటర్‌కి రెండు, ఎందుకంటే పొల్లు ఒకటి, కింది "ప" ఒకటి పోయాయి. అందుకే మాటని యూనికోడ్ నంబర్లుగా కాకుండా పూర్తి అక్షరాలుగా విడగొట్టి పోల్చండి. "ప", "ప్పు" అన్నట్టు. రెండు మూడు అక్షరాల చిన్న మాటలకి మాత్రం ఈ క్షమ వద్దు. "పాలు"కి ఒక్క అక్షరం మారిస్తే "పాపు", "కాలు", "వేలు" అన్నీ దగ్గరే అయిపోతాయి.

ప్రశ్న 6: టైప్ చేస్తుండగానే ఫలితాలు రావాలి. ఎలా?

"కందిపప్పు"లో కంప్యూటర్ లెక్కన 9 గుర్తులు. ప్రతి గుర్తుకీ సర్వర్‌ని అడిగితే 9 రిక్వెస్టులు. యూజర్ డేటా ప్యాక్ మీద, మీ సర్వర్ మీద అనవసరపు భారం. చెయ్యి ఆగాక ఒక 300 మిల్లీసెకన్లు చూసి అప్పుడు అడగండి. దాన్నే డీబౌన్స్ అంటారు.

దీని వెనకే ఇంకో చిక్కు ఉంది. "పె" అని అడిగిన జవాబు నెట్‌వర్క్‌లో ఆలస్యమై, "పెసర" జవాబు తర్వాత వచ్చిందనుకోండి. డబ్బాలో "పెసర" ఉంటుంది, కింద "పెరుగు" కనిపిస్తుంది. కొత్త రిక్వెస్ట్ పంపేటప్పుడు పాతదాన్ని రద్దు చేయండి. జావాస్క్రిప్ట్‌లో అబార్ట్ కంట్రోలర్ ఉంది. లేదా ప్రతి రిక్వెస్ట్‌కి ఒక నంబర్ ఇచ్చి, చివరి నంబర్ జవాబుని మాత్రమే చూపించండి.

ప్రశ్న 7: ఏది పైన చూపించాలి?

"ఉప్పు" వెతికితే "ఉప్పుడు రవ్వ" పైన రాకూడదు. చిన్న యాప్‌కి ఈ వరస చాలు: ముందు సరిగ్గా అదే మాట ఉన్నవి, తర్వాత ఆ మాటతో మొదలయ్యేవి, తర్వాత మధ్యలో ఉన్నవి, చివర టైపింగ్ తప్పు క్షమించి తెచ్చినవి.

పెద్ద డేటాకి ఇంకో సూత్రం ఉంది. అరుదైన మాటకి విలువ ఎక్కువ, అన్నిచోట్లా ఉండే మాటకి తక్కువ. "ఉప్పు 1 కిలో" అని వెతికితే "కిలో" సగం సరుకుల్లో ఉంటుంది, కాబట్టి "ఉప్పు"కే బరువు ఇవ్వాలి. ఈ ఆలోచనని కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. ఇప్పుడు ఎఫ్‌టీఎస్5లో సిద్ధంగా ఉండే బీఎం25 లెక్క కూడా దీని మీదే నిలబడి ఉంది.

చివరగా, ఏమీ దొరకనప్పుడు

"ఫలితాలు లేవు" అని చెప్పి చేతులు దులుపుకోకండి. "ఈ పేరుతో దొరకలేదు, వేరే పేరుతో వెతికి చూడండి" అనండి. దగ్గరి మాటలు చూపించండి, షాపుకి ఫోన్ చేసే బటన్ ఇవ్వండి. "దొరకలేదు" వేరు, "లేదు" వేరు.

ఏమీ దొరకని ప్రతి మాటనీ ఒక చోట రాసుకోండి. ఎవరు వెతికారో రాయొద్దు, మాట మాత్రం చాలు. వారానికోసారి ఆ జాబితా చదివి "ఇతర పేర్లు" కాలమ్ నింపుకుంటూ పోండి. జనం ఎలా వెతుకుతారో ఆ జాబితానే మీకు నేర్పుతుంది.

ఈ వారం మీకో చిన్న పని. రోజూ వాడే ఏదైనా యాప్ తీసుకుని "మైదా", "సన్‌ఫ్లవర్", "ఆలుగడ్డ", "పళ్లు", "పపు", ఈ ఐదు మాటలు వెతకండి. ఎన్ని దొరికాయో కామెంట్‌లో రాయండి. మీరే చేసిన యాప్ ఉంటే మాత్రం ముందు దానితోనే మొదలుపెట్టండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!