విదేశంలో సదస్సు: ఆహ్వానం నుంచి ఇమిగ్రేషన్ దాకా

పరిశోధన పత్రం అంగీకరించామని విదేశం నుంచి మెయిల్ వస్తే ఇంట్లో పండగే. కానీ ఆ మెయిల్‌కీ, ఆ దేశంలో అడుగు పెట్టడానికీ మధ్య మూడు గుమ్మాలున్నాయి. వీసా ఇచ్చే కార్యాలయం ఒకటి, విమానం ఎక్కించే కౌంటర్ రెండోది, దిగాక ఎదురయ్యే సరిహద్దు అధికారి మూడోది. సదస్సు నిర్వాహకులకు ఈ మూడింటిలో దేనిమీదా అధికారం లేదు. వాళ్లిచ్చే ఆహ్వానపత్రం మీ మాటకు సాక్ష్యం మాత్రమే.

ఎంత పేరున్నా ఇందులో మినహాయింపు దొరకదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, బెంగళూరు ఐఐఎస్‌సీకి డైరెక్టర్‌గా పనిచేసిన రసాయన శాస్త్రవేత్త గోవర్ధన్ మెహతాకు 2006లో చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా దగ్గర అడ్డంకి ఎదురైంది. ఆయనను పిలిచింది ఫ్లోరిడా విశ్వవిద్యాలయం. అంతర్జాతీయ విజ్ఞాన మండళ్ల సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉన్న మనిషికే అలా జరగడంతో దేశంలో దుమారం రేగింది. అందుకే మొదటిసారి వెళ్లే విద్యార్థి ఏ చిన్న కాగితాన్నీ తేలిగ్గా తీసుకోకూడదని గట్టిగా చెబుతాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ ఏటా ఏప్రిల్–మే నెలల్లో వియన్నాలో పెద్ద సదస్సు జరుపుతుంది. పరిశోధన సారాంశాలు జనవరి మధ్యకల్లా పంపాలి. విశాఖలో సముద్రాల మీద పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి అక్కడికి వెళ్లాలనుకుందనుకోండి. ఆస్ట్రియా షెంగెన్ కూటమిలోని 29 దేశాల్లో ఒకటి కాబట్టి ఆమెకు కావలసింది షెంగెన్ స్వల్పకాల వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అవసరమైతే 45 రోజుల దాకా సాగదీయవచ్చు. పత్రం ఖరారయ్యాక లెక్క మొదలెడితే వ్యవధి ఎంత ఇరుకో చూడండి. కాబట్టి సారాంశం పంపే రోజే పాస్‌పోర్టు తీసి చూసుకోవాలి. అది గత పదేళ్లలో జారీ అయి ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

మనవాళ్లకు తరచూ ఇబ్బంది వచ్చేది పేరు దగ్గర. పరిశోధన పత్రం మీద ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడే ఖాళీ. సదస్సుకు నమోదు చేసుకునేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆహ్వానపత్రంలోనూ అదే పేరు, పాస్‌పోర్టు నంబరు, సదస్సు తేదీలు, మీ పత్రం శీర్షిక, ఖర్చు ఎవరిదన్న వాక్యం ఉండేలా అడిగి తీసుకోండి. ఆ చివరి వాక్యం లేని ఉత్తరం సగం ఉత్తరమే.

వీసా అధికారి మనసులోని ప్రశ్నలు రెండే. డబ్బు ఎక్కడిది, తిరిగి వెళ్తారా? జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) విద్యార్థి ఖాతాలో నెలనెలా 37,000 రూపాయలు పడుతుంటాయి. దరఖాస్తుకు వారం ముందు అందులో నాలుగు లక్షలు ఒక్కసారిగా పడితే అనుమానం రాక మానదు. నాన్నే ఇస్తుంటే అది దాచాల్సిన విషయం కాదు. ఆయన సంతకంతో ఒక ఉత్తరం, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్, బంధుత్వానికి రుజువు జతచేస్తే సరిపోతుంది. తిరిగి వస్తారనడానికి విశ్వవిద్యాలయం ఇచ్చే సెలవు ఉత్తర్వు, నిరభ్యంతర పత్రం, పీహెచ్‌డీ ఇంకా నడుస్తోందని గైడ్ రాసిన లేఖ పనికొస్తాయి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం వసూలు చేసే సేవా రుసుము అదనం. ఇంకో దేశం అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని అక్కడ దరఖాస్తు పెట్టకండి. ప్రధానంగా ఎక్కడికి వెళ్తున్నారో ఆ దేశానికే పెట్టాలి.

ప్రభుత్వోద్యోగులకు మరో మెట్టు ఉంది. విదేశీ సంస్థ టికెట్టో హోటలో భరిస్తానంటే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ ఆధీనంలోని సంస్థల ఉద్యోగులకూ ఇది వర్తిస్తుంది.

షెంగెన్ వీసా స్టిక్కర్ చేతికి రాగానే చదవాల్సిన గళ్లు మూడు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అన్నది ఒకటి, ఎన్ని రోజులు ఉండొచ్చన్నది ఇంకొకటి. ఈ రెండూ ఒకటే అనుకుని చిక్కుల్లో పడేవాళ్లున్నారు. పది రోజుల బసకు వీసా ఇస్తే తేదీల గడిలో 25 రోజుల వెసులుబాటు కనిపించవచ్చు. ప్రయాణం అటూ ఇటూ అయితే ఉపయోగపడాలని 15 రోజులు కలుపుతారు. ఉండగలిగేది మాత్రం పది రోజులే. మూడోది, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చన్న గడి. అక్కడ ఒకటి అని ఉంటే, సదస్సు మధ్యలో లండన్ వెళ్లి మళ్లీ వియన్నా రావడం కుదరదు. పైగా బ్రిటన్ వీసా వేరు.

అమెరికా పద్ధతి వేరు. సదస్సులకు బీ-1 వీసా, డీఎస్-160 ఫారం, ఆపైన ముఖాముఖి. అధికారి ముందు నిలబడే సమయం కొద్ది నిమిషాలే కాబట్టి మీ పరిశోధన ఏమిటో ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా రెండు మాటల్లో చెప్పడం నేర్చుకోండి. వీసా పదేళ్లదైనా, ఈసారి ఎన్నాళ్లుండాలో విమానాశ్రయంలోని అధికారి నిర్ణయించే ఐ-94 నమోదే చెబుతుంది.

ఇక విమానం కౌంటర్. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే వెనక్కి తెచ్చే భారం, జరిమానా విమానయాన సంస్థ మీదే పడతాయి. అందుకే అక్కడంత తనిఖీ. చవకని రెండు విడి టికెట్లు కొంటే మధ్య దేశంలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు. అలాగైతే ఆ దేశంలోకి ప్రవేశించినట్టే, దానికీ వీసా అడగవచ్చు.

వియన్నాలో దిగాక కూడా ఎందుకొచ్చారు, ఎక్కడుంటారు, తిరుగు టికెట్ ఏది, డబ్బు ఎంతుంది అని అడిగే హక్కు అధికారికి ఉంది. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు ముద్ర స్థానంలో వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది. క్యూ కోసం సమయం ఉంచుకోండి. ఆహ్వానపత్రం, హోటల్ బుకింగ్, బీమా కాగితాలు చేతిసంచిలో ఉండాలి. చెకిన్ సూట్‌కేసులో పెడితే అవి అక్కరకు రావు.

షెంగెన్ వీసా నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇస్తారు, అప్పీలుకు హక్కుంది. అమెరికా వీసాను వలస చట్టం 214(బి) సెక్షన్ కింద నిరాకరిస్తే అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తే. అందుకే సదస్సు నమోదు రుసుము కట్టేముందు నిర్వాహకులను రెండు విషయాలు అడగండి. వీసా రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా? పత్రాన్ని ఆన్‌లైన్‌లో సమర్పించనిస్తారా? ఇలా అడగడం మొహమాటపడాల్సిన పని కాదు. నిర్వాహకులు పట్టుబడితే ఏం చేయగలరో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు చూపించింది. హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రవేశం మీద అమెరికా ఆంక్షలున్నాయని 1992 సదస్సును బోస్టన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలించారు. ఆ ఆంక్షలు 2010లో తొలగాకే, 2012లో అది మళ్లీ అమెరికాలో, వాషింగ్టన్‌లో జరిగింది.