డెస్క్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ కొనే ముందు మదర్‌బోర్డ్ ఏం చెబుతుందో చూడండి

సేల్ మొదలైతే చాలు, నాకు వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న: "ఈ ఎస్ఎస్‌డీ తీసుకోవచ్చా?" కింద ఒక లింకు. ఆ లింకు చూసి చెప్పగలిగింది చాలా తక్కువ. డ్రైవ్ మంచిదా కాదా అన్నది తర్వాతి సంగతి, అసలు అది మీ సీపీయూ డబ్బాలో పనిచేస్తుందా అన్నది ముందు తేలాలి. అది తెలియాలంటే నాకు కావాల్సింది మీ మదర్‌బోర్డ్ మోడల్ పేరు.

అది కనుక్కోవడానికి డబ్బా విప్పక్కర్లేదు. విండోస్ స్టార్ట్ మెనూలో ఎంఎస్‌ఇన్ఫో32 అని టైప్ చేయండి. వచ్చిన విండోలో బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అనే లైన్‌లో మోడల్ ఉంటుంది. పక్కనే బయోస్ మోడ్ లెగసీనా, యూఈఎఫ్ఐనా అన్నది కూడా రాసి పెట్టుకోండి, దానితో పని పడుతుంది. తర్వాత ఆ బోర్డ్ కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి స్టోరేజ్ పేజీ ఒక్కటి చదవండి చాలు.

ఎక్కువమంది పొరబడేది ఎం.2 దగ్గర. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, స్పీడ్ పేరు కాదు. అదే ఆకారంలో సాటా డ్రైవ్‌లూ వస్తాయి, ఎన్‌విఎంఈ డ్రైవ్‌లూ వస్తాయి. సాటా అయితే సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పీసీఐఈ 3.0 ఎన్‌విఎంఈ 3500 ఎంబీ దాకా వెళ్తుంది. ఎన్‌విఎంఈ డ్రైవ్ కొసకు సాధారణంగా ఒక గాటు, సాటా ఎం.2కి రెండు గాట్లు ఉంటాయి. రెండు గాట్లున్నది ఎన్‌విఎంఈ స్లాట్‌లో కూడా చక్కగా దిగుతుంది. స్లాట్‌కి సాటా సపోర్ట్ లేకపోతే మాత్రం బయోస్‌లో ఏమీ కనిపించదు. కాబట్టి మాన్యువల్‌లో ఆ స్లాట్ ఎదురుగా సాటా అని రాశారా, పీసీఐఈ అని రాశారా, రెండూనా అన్నది చూడాలి. 2280 అనే సైజు ఉందో లేదో కూడా చూడండి. అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. వైఫై కార్డుకు పెట్టిన చిన్న స్లాట్‌ని చూసి ఎం.2 ఉందని మురిసిపోకండి, అది వేరు.

స్లాట్ ఉన్నంత మాత్రాన పని చేయాలనీ లేదు. ఇంటెల్ బీ560 బోర్డులనే తీసుకోండి. వాటిలో ప్రాసెసర్‌కి నేరుగా కలిసే ఎం.2 స్లాట్ 11వ జనరేషన్ ప్రాసెసర్ ఉంటేనే పనిచేస్తుంది. అదే బోర్డ్‌లో 10వ జనరేషన్ పెడితే ఆ స్లాట్ ఖాళీ స్లాటే, డ్రైవ్‌ని ఇంకో ఎం.2 స్లాట్‌లోకి మార్చాలి. ఇంకో తంటా ఏంటంటే, చాలా బోర్డుల్లో ఎం.2 నింపగానే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. కొత్త ఎస్ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైతే, ఫోటోలన్నీ పోయాయని కంగారు పడి ఫార్మాట్ దాకా వెళ్లకండి. ముందు హార్డ్‌డిస్క్ కేబుల్‌ని వేరే పోర్టుకు మార్చి చూడండి.

పాత సిస్టమ్‌ల కథ వేరు. గుంటూరులో ఉండే మా పిన్ని కొడుకు దగ్గర 3వ జనరేషన్ ఐ5, హెచ్61 బోర్డ్ ఉంది. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మొత్తం దాని మీదే. బోర్డ్‌కి ఎం.2 లేదని, ఎన్‌విఎంఈతో పాటు పీసీఐఈ అడాప్టర్ కార్డు కూడా కార్ట్‌లో వేసుకున్నాడు. "కార్డు స్లాట్‌లో పడుతుందిగా అన్నా, ఇంకేం ప్రాబ్లం?" అన్నాడు. పడుతుంది, విండోస్ 10 దాన్ని డేటా డ్రైవ్‌గా గుర్తిస్తుంది కూడా. కానీ ఆ కాలం బయోస్‌లకు మామూలుగా ఎన్‌విఎంఈ నుంచి బూట్ అవ్వడం తెలియదు. బయోస్‌ని మార్చి రాసి ఫ్లాష్ చేసేవాళ్లు ఉన్నారు, నిజమే. మధ్యలో కరెంటు పోతే బోర్డ్ చచ్చినట్టే. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌తో, అదీ ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందు, ఆ ప్రయోగం వద్దన్నాను.

2.5 ఇంచుల సాటా ఎస్ఎస్‌డీ తీసుకోమన్నాను. హెచ్61 చిప్‌సెట్ ఇచ్చేది 3 జీబీపీఎస్ సాటా మాత్రమే, అంటే సెకనుకు 280 ఎంబీకి అటూఇటూ. సగం స్పీడ్ పోయిందని బాధపడాల్సిన పనిలేదు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్‌లో ఒక్క చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, పైగా హెడ్ కదలాలి. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ చదివే చోట ప్రాణం తీసేది ఆ ఎదురుచూపే. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ లేదు. అలాంటి సిస్టమ్‌కి పీసీఐఈ 4.0 డ్రైవ్ కోసం ఎక్కువ పెట్టే బదులు ఆ డబ్బుతో ర్యామ్ కొనడం నయం.

ఇందాక రాసుకున్న బయోస్ మోడ్ ఇప్పుడు తీయండి. అందులో లెగసీ అని ఉంటే మీ విండోస్ ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టు. ఎన్‌విఎంఈ బూట్‌కి యూఈఎఫ్ఐ, జీపీటీ కావాలి. ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే బూట్ అవ్వకపోవచ్చు. విండోస్ 10లో ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా చెరపకుండానే మారుస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు. సాటా ఎస్ఎస్‌డీకి మారేవాళ్లకు ఈ గొడవ లేదు, పాత మోడ్‌లోనే నడుస్తుంది.

ఇక చిల్లర సామాను. 2.5 ఇంచుల డ్రైవ్ డబ్బాలో సాటా కేబుల్ సాధారణంగా రాదు, విడిగా కొనాలి. పవర్ సప్లైలో ఖాళీ సాటా పవర్ కనెక్టర్ ఉందో లేదో చూడండి. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ఆ పవర్ మదర్‌బోర్డ్ నుంచి వాళ్ల సొంత కేబుల్‌తో వస్తుంది, బయట షాపులో అడిగితే దొరకదు. ఎం.2 పెట్టేవాళ్లు డ్రైవ్ చివర బిగించే బుల్లి స్క్రూ ఉందేమో బోర్డ్ మీద, బోర్డ్ డబ్బాలో వెతకండి. ఈ చెకింగ్ అంతా ఎస్ఎస్‌డీ సీల్ చింపకముందే అయిపోవాలి, చింపాక రిటర్న్ తీసుకోని అమ్మకందార్లే ఎక్కువ.