మంట అందరూ చూశారు... పెట్టిందెవరు?

సినిమాల్లో గోడౌను తగలబడటం మనకు కొత్తేమీ కాదు. విలన్ పెట్రోలు డబ్బా వంచుతాడు, అగ్గిపుల్ల గీస్తాడు, పకపకా నవ్వుతాడు. మర్నాడు హీరో ఆ బూడిదలోంచి సగం కాలిన లైటరు ఏరి జేబులో వేసుకుంటాడు. హాల్లో ఒకటే ఈలలు! కానీ నిజ జీవితంలో అలా జేబులో వేసుకున్న హీరోగారి పుణ్యమా అని విలన్ దర్జాగా బయటికొచ్చేస్తాడు సుమండీ!

ఎలాగంటారా? ఒక రైలు కథ వినండి. 2016 జనవరి 31, ఆదివారం. విశాఖ నుంచి విజయవాడ వెళ్ళే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఆ సాయంత్రం విజయవాడ చేరనే లేదు. కాపు రిజర్వేషన్ల ఆందోళనలో తుని దగ్గర దాన్ని ఆపి తగలబెట్టారు. చీకట్లోనా? కాదు, పట్టపగలు, వేలమంది కళ్ళెదుట! టీవీల్లో ఊరూవాడా చూసింది. తీరా 2023 మే 1న విజయవాడ రైల్వే కోర్టు ఆ కేసు కొట్టేసింది. 41 మంది నిందితులూ నిర్దోషులన్నది. దర్యాప్తు తీరును తప్పుపట్టింది. మరి తగలబెట్టిందెవరు? తేలలేదు.

కళ్ళకు కనిపించిన మంట వేరు, కోర్టులో నిలబడే సాక్ష్యం వేరు. షూటింగులో క్లాప్ బోర్డు, కంటిన్యుటీ పుస్తకం లేకపోతే ఎడిటర్ గతేమిటో మీకు తెలుసు కదా. ఇక్కడా అంతే.

మంట ఆరగానే ముందు చెయ్యాల్సింది ఏరడం కాదు, ఫొటో తీయడం. దూరం నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, దగ్గర నుంచి కొలబద్ద పెట్టి ఒకటి. ఆ తర్వాత కొలతలతో స్కెచ్. మంట ఎక్కడ మొదలైందో గోడల మీది మసి, కాలిన లోతు కొంతవరకు చెబుతాయి. పెట్రోలు పోస్తే పైన కాలినా, పగుళ్ళలోకి, సీటు దూదిలోకి ఇంకింది మిగలవచ్చు. ఆ ముక్కని మామూలు ప్లాస్టిక్ సంచిలో వేశారో, ఆవిరి కాస్తా ఎగిరిపోతుంది! గాలి చొరబడని శుభ్రమైన రేకు డబ్బాలో, పైన కొంత ఖాళీ ఉంచి మూత బిగించాలి. లాబొరేటరీలో పరీక్షించేది ఆ ఆవిరినే. దానితోపాటు పెట్రోలు తగలని అలాంటి సీటు ముక్క కూడా విడిగా పంపాలి. ఎందుకంటే ఫోము కాలినా పెట్రోలియం లాంటి రసాయనాలు పుడతాయి!

డబ్బా మీద తేదీ, వేళ, చోటు, సంతకం, సీలు. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో ప్రతి మెట్టూ కాగితం మీద ఉండాలి. ఒక్క రాత్రి లెక్క తప్పినా డిఫెన్సు లాయరుకు పండగే.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్ళు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలనీ, ఆ పనిని వీడియో తీయాలనీ అంటోంది. దీన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువిచ్చారు.

కుర్రకారుకి ఒక్క మాట. ఎక్కడైనా మంట మీ ఫోనుకి చిక్కితే, పదిమందికీ పంపేసి అసలుది తుడిచెయ్యకండి. ఆ అసలు ఫైలే సాక్ష్యం!

రత్నాచల్ మళ్ళీ పట్టాలెక్కింది, విజయవాడ చేరింది. "ఎవరు పెట్టారు?" అన్న ప్రశ్న మాత్రం ఇంకా తుని దగ్గరే ఆగి ఉంది.