వందేళ్ల నాటి నక్షా

"మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగితే శాలిబండ వాళ్లు ఏం చెబుతారు? గడియారం స్తంభం దగ్గర దిగాలి, పక్క గల్లీలోకి తిరగాలి, బావి దాటాక మూడో ఇల్లు అంటారు. ఆ దారినే కొలిచి కాగితం మీద గీస్తే అది పటం. పాత బస్తీలో దాన్ని నక్షా అంటారు.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. ఒడ్డున ఉన్న బస్తీలు కొట్టుకుపోయాయి. సుమారు 15,000 మంది చనిపోయారని అంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఊరిని బాగు చేయాలంటే ఏది ఎక్కడుందో ముందు తెలియాలి కదా! 1912 ప్రాంతంలో లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో నగరాన్ని కొలవడం మొదలైంది. ఆ పని కొన్నేళ్లు సాగింది. ఇళ్లు, గల్లీలు, బావులు, మసీదులు, గుడులు అన్నీ అందులో గీశారు. ఇప్పుడు పూడిపోయిన బావి ఎక్కడుండేది? ఫలానా గల్లీ అప్పుడు ఎంత వెడల్పు? ఆ నక్షాలు చూస్తే తెలుస్తుంది. అయితే అవి ఇంటి పట్టా కాగితాలు కావు. ఇల్లు నాదేనని వాటితో రుజువు చేయలేం.

పాత పటాలను వెతికి, కొని దాచుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. పటాలన్నీ ఒకే కొలతలో అచ్చువేసి పుస్తకంగా కుడితే అట్లాసు అవుతుంది. అలాంటి మొదటి పుస్తకాన్ని 1570లో ఆంట్‌వెర్ప్ నగరంలో ఒర్టీలియస్ అనే ఆయన వేయించాడు. రాగి రేకు మీద గీతలు చెక్కేవారు. సిరా పట్టించి కాగితం మీద అచ్చు తీసేవారు. రంగులు మాత్రం చేత్తో అద్దేవారు. 1600ల నాటి ఐరోపా పటాల్లో గోల్కొండ పేరుంది. హైదరాబాదును బాగ్‌నగర్ అని రాశారు.

కొందరు వ్యాపారులు ఈ పుస్తకాలను చించి ఒక్కో పటం విడిగా అమ్ముతారు. అలా అమ్మితే లాభం ఎక్కువ. ఇది చెడ్డ పని. నాలుగు వందల ఏళ్లు నిలిచిన పుస్తకం ఒక్క పూటలో ముక్కలవుతుంది.

ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పాత నక్షా దొరికితే చిత్తుకాగితాల వాడికి వేయకండి. చిరిగిందని టేపు అంటించకండి. ఆ జిగురు కొన్నాళ్లకు పచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. లామినేషను చేయిస్తే ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. పదేపదే మడవకండి, మడత దగ్గరే మొదట చిరుగుతుంది. పరిచి, శుభ్రమైన నూలుబట్టలో ఉంచండి. ఎండ, తేమ తగలకూడదు. నెలకోసారి తీసి పురుగు పట్టిందేమో చూడండి. అది ఏ కాలానిదో తెలియకపోతే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయం ఉంది. పాత దస్తావేజులు భద్రపరిచే చోటు అదే. తీసుకెళ్లి అడగవచ్చు.