బడిపిల్లల యారోగ్యము



నేను నాగావళీ ప్రాంతమున ముప్పదియేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను గాను. అయినను బడిలో పిల్లవాడు జబ్బుపడినపుడు మొదట చేయి పట్టుకొనవలసినవాడు ఉపాధ్యాయుడే గదా! ఆ యనుభవముతో నాలుగు మాటలు మనవి చేసికొందును.

కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలో పద్య మప్పగించుచున్న యొక బాలిక తటాలున నేలబడి కొట్టుకొనసాగెను. నేను తాళపుచెవుల గుత్తి యామె చేత బెట్టి, పండ్ల నడుమ చెంచా దూర్చితిని. పెదవి చిట్లి నెత్తురు గారెను. అట్లు చేయరాదని నా కానాడు తెలియదు. తల్లి పరుగున వచ్చి యేడ్చుచు అసలు సంగతి చెప్పెను. బిడ్డకు మూర్ఛ యున్నదట, మందు వాడుచున్నారట, నలుగురికి తెలిసినచో పెండ్లి కాదని యింటి పెద్దలు బడికి చెప్పవలదనిరట. ఆ యుదయమున తొందరలో మాత్ర వేయుట మఱచిరి. బిడ్డ దక్కినది. కాని యాత డన్నాడు, ఆమె యన్నదని నేనెవ్వరిని నిందింపగలను? గుట్టు గడపదాటరాదని యూరివారికి చెప్పిన పెద్దలలో నేనును ఒకడను.

కాబట్టి మొదటి నియమ మిది: పిల్లను బడిలో చేర్చునాడే ఉన్న రోగమును దాచక చెప్పవలయును. మూర్ఛ, ఉబ్బసము, గుండెజబ్బు, చక్కెరవ్యాధి, మన్యపు బిడ్డలలో కానవచ్చు సికిల్‌సెల్ రక్తదోషము, ఒంటికి పడని మందు — వీనిని కాగితముపై వ్రాసి, తల్లిదండ్రుల ఫోను సంఖ్యతో ప్రధానోపాధ్యాయునికి ఈయవలయును. మూర్ఛ వచ్చినపుడు బిడ్డను ప్రక్కకు ఒత్తిగిలజేసి, చుట్టునున్న గట్టి వస్తువులను తొలగింపవలయును. నోట నేమియు పెట్టరాదు. గడియారము చూడవలయును, అయిదు నిమిషములు మించినచో 108కి ఫోను చేయవలయును.

రెండవది. జబ్బుతోనున్న బిడ్డను బడికి పంపరాదు. ప్రొద్దుట జ్వరపు మాత్ర వేసి పంపినచో మధ్యాహ్నమునకు మరల ఒళ్లు కాలును. ఈలోపల ప్రక్కవారికి రోగ మంటును. ఆటలమ్మ పోసినచో పొక్కులన్నియు ఎండి పక్కు కట్టువఱకును, తట్టు వచ్చినచో దద్దు కనబడినపిమ్మట నాలుగు దినములును ఇంటనే యుంచవలయును. ఇది క్రొత్తమాట గాదు. అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు మన పెద్దలు వేపమండ కట్టిరి. దానిని చూచినవారు లోనికి పోరు, లోనివారు సంతకు పోరు. వైద్యుడు చెప్పునదియు నదియే.

మూడవది మందుల సంగతి. ఉపాధ్యాయుడు దయతోనైనను తన జేబులోని మాత్రను పిల్లలకు ఈయరాదు. బడివేళ మందు వేయవలసియున్నచో వైద్యుని చీటియు, తల్లిదండ్రుల యుత్తరమును, పేరు వ్రాసిన మందుపెట్టెయు బడిపెద్దకు అప్పగింపవలయును. పిల్లల సంచిలో నుంచరాదు. ఒకరి మందు మఱియొకరికి పంచరాదు.

ప్రభుత్వమువారు బడిలో నిచ్చు మందులను గూర్చి యనుమానము వలదు. 2015 నుండి నులిపురుగుల నివారణ దినము జరుగుచున్నది. ఒకటి మొదలు పందొమ్మిదేండ్లవారికి ఆల్బెండజోల్ మాత్ర ఈయబడును. ఆనాడు జబ్బుగా నున్న బిడ్డ సంగతి ముందే చెప్పినచో తరువాతి దినమున ఇత్తురు. వారమున కొకసారి యిచ్చు ఇనుపధాతువు మాత్ర చిన్నవారికి గులాబిరంగు, పదేండ్లు దాటినవారికి నీలిరంగు. భోజనానంతరమే వేసికొనవలయును. మలము నల్లనైనచో భయపడనక్కరలేదు.

ఇక వైద్యపరీక్ష. మన దేశమున 1909లో బరోడా నగరమున బడిపిల్లల పరీక్ష మొదలయ్యెను. అయినను 1946 నాటి భోర్ సంఘము, ఇట్టి సేవ దేశమున దాదాపు లేనట్లేయని తేల్చెను. 1960లో ఏర్పడిన రేణుకారాయ్ సంఘము, బడిలో చేరునపుడును, ఆపై నాలుగేండ్ల కొకసారియు పరీక్ష జరుగవలెననెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ననుసరించి వైద్యబృందము ప్రభుత్వపు బడికి ఏటికొకసారియు, అంగన్‌వాడికి రెండుసారులును వచ్చి చూడవలయును. పుట్టుకలోపములు, వ్యాధులు, పోషకలోపములు, ఎదుగుదలలో ఆలస్యము అను నాలిగింటిని వారు పరీక్షింతురు.

అయితే పరీక్షతో పని ముగియదు. పెద్దాసుపత్రికి పొమ్మని వ్రాసిన చీటిని చూరులో దోపి మఱచిన యిండ్లను నేను చూచితిని. కూలి పోవునని ఒకరు, తోడు లేదని ఒకరు ఆగిపోవుదురు. అక్కడనే పెద్దలైన మీ పని యున్నది. పరీక్షదినమున బడికి వెళ్లుడు. ఎవరెవరికి చీటి యిచ్చిరో తల్లిదండ్రుల నడిగి తెలిసికొనుడు. తోడులేనివారికి తోడు కుదుర్పుడు. తెలిసినదానిని రచ్చబండపై మాత్రము చెప్పవలదు. బడికి దాచకుండుట వేఱు, ఊరెల్ల చాటుట వేఱు.

ఆ బాలిక మందు మానక చదువు ముగించెను. పెండ్లిమాటలనాడు తండ్రి వరునివారికి ఉన్నదున్నట్లు చెప్పెను. వారు ఒప్పుకొనిరి. ఆ పెండ్లికి నేను వెళ్లి అక్షతలు వేసితిని.

సెలవు.